పేలుడు నుంచి తీర్పు దాకా: ఉగ్రవాద కేసు ఎలా నడుస్తుంది?

క్లుప్తంగా: మామూలు క్రిమినల్ కేసుతో పోలిస్తే ఉగ్రవాద కేసులో తేడాలన్నీ దాదాపు విచారణకు ముందే ఉంటాయి. దర్యాప్తు ఎవరు చేయాలి, చార్జిషీట్‌కు ఎన్నాళ్ల గడువు, బెయిల్ ఎందుకు రాదు, ప్రభుత్వ అనుమతి ఎప్పుడు కావాలి అనే చోట్ల ప్రత్యేక చట్టం పనిచేస్తుంది. కోర్టులో నేరం రుజువు చేయాల్సిన దగ్గరికి వచ్చేసరికి మాత్రం సాక్షులు, పంచనామాలు (సోదా, స్వాధీనం వివరాలను సాక్షుల ముందు రాసిన పత్రాలు), ఫోరెన్సిక్ రిపోర్టులే దిక్కు. ఒకే నగరంలో జరిగిన మూడు పేలుళ్ల కేసులు మూడు దారులు పట్టడానికి కారణం చాలావరకు ఇదే.

ఒక సాయంత్రం, రెండు ఎఫ్‌ఐఆర్‌లు

2013 ఫిబ్రవరి 21న, సాయంత్రం ఏడు గంటల సమయంలో హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలాయి. ఒకటి 107 బస్టాప్ దగ్గర, ఇంకొకటి ఏ1 మిర్చి సెంటర్ దగ్గర. 18 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. రెండు చోట్ల మధ్య నడిచి వెళ్లేంత దూరమే. కానీ మొదటిది మలక్‌పేట పోలీసు స్టేషన్ పరిధిలోకి, రెండోది సరూర్‌నగర్ పరిధిలోకి వచ్చింది. అప్పటికి ఒకటి హైదరాబాద్ కమిషనరేట్, మరొకటి సైబరాబాద్. అందుకే ఒకే కుట్రకు రెండు ఎఫ్‌ఐఆర్‌లు నమోదయ్యాయి.

ఎంత పెద్ద ఉగ్రవాద కేసైనా ఇలా ఒక స్టేషన్ హౌస్ ఆఫీసర్ దగ్గరే మొదలవుతుంది. కేంద్రం చేతిలోని జాతీయ దర్యాప్తు సంస్థ, అంటే ఎన్‌ఐఏ, వచ్చేది ఆ తర్వాత. ముంబై దాడులు జరిగిన నెల రోజులకు, 2008 డిసెంబర్ చివరలో వచ్చిన ఎన్‌ఐఏ చట్టంలోని 6వ సెక్షన్ ఈ క్రమాన్ని చెబుతుంది. ఆ చట్టం షెడ్యూల్లో ఉన్న నేరం నమోదైతే స్టేషన్ అధికారి రాష్ట్ర ప్రభుత్వానికి రిపోర్టు పంపాలి. రాష్ట్రం దాన్ని వెంటనే కేంద్రానికి పంపాలి. అది అందిన 15 రోజుల్లో కేసు ఎన్‌ఐఏకి ఇవ్వాలా వద్దా అన్నది కేంద్రం తేల్చాలి. రాష్ట్రం అడగకపోయినా కేంద్రం తనంతట తాను కేసు తీసుకోవచ్చు. శాంతిభద్రతలు రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి ఈ ఒక్క వాక్యం మీద రాష్ట్రాలకు మొదటి నుంచీ అభ్యంతరం ఉంది.

అయితే ఎన్‌ఐఏ కేసు చేతికి తీసుకునేదాకా స్థానిక పోలీసులు దర్యాప్తు ఆపకూడదని అదే సెక్షన్ చెబుతుంది. వినడానికి ఇది చిన్న నిబంధన. కానీ పేలుడు జరిగిన చోట ఇనుప ముక్కలు, సైకిల్ విడిభాగాలు, తీగలు ఏరేదీ, సీసీ కెమెరాల ఫుటేజీ చెరిగిపోకముందే తీసుకునేదీ ఆ తొలి రోజుల్లోనే. ఆ పని చేసేది ఢిల్లీ నుంచి వచ్చే బృందం కాదు, స్థానిక స్టేషన్ సిబ్బంది, ఫోరెన్సిక్ ల్యాబ్ వాళ్లు. తర్వాత ఎంత పెద్ద సంస్థ వచ్చినా ఆ రోజు రాసిన పంచనామానే కోర్టులో చూపించాలి. దిల్‌సుఖ్‌నగర్ రెండు కేసులనూ ఎన్‌ఐఏ 2013 మార్చిలో తన పేరున మళ్లీ నమోదు చేసుకుంది.

టాడా, పోటా పోయాక మిగిలింది

ఇప్పుడు ఉగ్రవాద కేసులు ప్రధానంగా చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం కింద, అంటే అందరూ ‘ఉపా’ అనే దాని కింద నడుస్తున్నాయి. ఇది 1967 నాటి చట్టం. మొదట్లో దానికి ఉగ్రవాదంతో పని లేదు, సంఘాలను నిషేధించడం వరకే. ఉగ్రవాదం కోసం 1985లో, మళ్లీ 1987లో టాడా వచ్చింది. దుర్వినియోగం ఆరోపణల మధ్య 1995లో దాని గడువు ముగిసిపోయింది. 2002లో పోటా వచ్చింది, 2004లో రద్దయింది. రద్దు చేసిన ఏడాదే పోటాలోని ఉగ్రవాద అధ్యాయాన్ని ఉపాలో చేర్చారు. 2008లో బెయిల్, రిమాండ్ నిబంధనలు బిగించారు. 2019లో సంస్థలనే కాకుండా వ్యక్తులను కూడా ఉగ్రవాదులుగా ప్రకటించే అధికారం ఇచ్చారు. టాడా, పోటాలకు కాలపరిమితి ఉండేది, పొడిగించాలంటే పార్లమెంటుకు వెళ్లాల్సి వచ్చేది. ఉపాకు అదేమీ లేదు, అది శాశ్వత చట్టం. ఈ తేడాకు దక్కాల్సినంత చర్చ దక్కలేదు.

ఒక విషయంలో మాత్రం ఉపా పాత చట్టాల కంటే మెత్తన. టాడా, పోటాల కింద ఎస్పీ స్థాయి అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లేది. ఉపాలో ఆ వెసులుబాటు పెట్టలేదు. పోలీసు కస్టడీలో ‘నేరం ఒప్పుకున్నాడు’ అని ప్రెస్‌మీట్‌లో ఎంత గట్టిగా చెప్పినా, న్యాయపరంగా దాని విలువ సున్నా. మెజిస్ట్రేట్ ముందు, చట్టం చెప్పిన జాగ్రత్తలతో నమోదైతేనే లెక్క. పోలీసులకు చెప్పిన మాటల్లో ఒక వస్తువు దొరకడానికి దారి చూపిన భాగం మాత్రమే పనికొస్తుంది.

ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కొత్త చిక్కు తెచ్చింది. దాని 113వ సెక్షన్‌లో కూడా ఉగ్రవాద చర్యకు నిర్వచనం ఉంది. అది దాదాపు ఉపాలోనిదే. మరి ఒకే నేరానికి ఏ చట్టం వాడాలి? ఎస్పీ లేదా ఆపై స్థాయి అధికారి నిర్ణయించాలని ఆ సెక్షన్ వివరణ చెబుతోంది, కానీ దేని ఆధారంగా నిర్ణయించాలో చెప్పలేదు. ఫలితంలో తేడా తక్కువేమీ కాదు. న్యాయ సంహిత కింద పెడితే ఉపాలో ఉన్న బెయిల్ అడ్డంకి ఉండదు, ముందస్తు ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు. ఉపా కింద పెడితే రెండూ ఉంటాయి. నిందితుడు కొన్ని నెలలు జైల్లో ఉంటాడా, కొన్నేళ్లా అన్నది ఎస్పీ ఎంచుకున్న సెక్షన్‌ను బట్టి మారిపోవచ్చు.

180 రోజుల లెక్క

మామూలు కేసుల్లో అరెస్టు చేశాక నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీట్ వేయాలి. లేకపోతే నిందితుడికి బెయిల్ హక్కుగా వస్తుంది. దీన్నే డిఫాల్ట్ బెయిల్ అంటారు. ఉపాలో ఈ గడువును 180 రోజుల దాకా పొడిగించవచ్చు. పోలీసు కస్టడీ కూడా 15 రోజులకు బదులు 30 రోజుల దాకా ఇవ్వవచ్చు. ముందస్తు బెయిల్ అసలే లేదు.

180 రోజులు దానంతటవే రావు. 90 రోజుల్లో దర్యాప్తు ఎందుకు పూర్తి కాలేదో, నిందితుణ్ని ఇంకా లోపలే ఎందుకు ఉంచాలో వివరిస్తూ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టుకు రిపోర్టు ఇవ్వాలి. కోర్టు సంతృప్తి పడాలి. పైగా అలా పొడిగించే అధికారం ప్రతి మెజిస్ట్రేట్‌కూ ఉండదు. ప్రత్యేక కోర్టు ఉన్న చోట ఆ కోర్టే పొడిగించాలని 2020లో బిక్రంజీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రాష్ట్ర పోలీసులు దర్యాప్తు చేస్తున్న కేసుకైనా ఇదే వర్తిస్తుందని చెప్పింది.

దీని దెబ్బ ఎలా ఉంటుందో, మావోయిస్టులతో సంబంధాల ఆరోపణపై మహారాష్ట్రలో నడిచిన భీమా కోరెగావ్ కేసులో కనిపించింది. పుణెలో గడువు పొడిగించిన కోర్టుకు ఆ అధికారం లేదని తేలడంతో 2021 డిసెంబర్‌లో బాంబే హైకోర్టు న్యాయవాది, హక్కుల కార్యకర్త సుధా భరద్వాజ్‌కు డిఫాల్ట్ బెయిల్ ఇచ్చింది. అదే కేసులో హైదరాబాద్‌కు చెందిన విప్లవ కవి వరవరరావు సహా మరో ఎనిమిది మందికి మాత్రం ఇవ్వలేదు. కారణం, వాళ్లు సరైన సమయంలో ఆ హక్కు కోరుతూ దరఖాస్తు చేయలేదు. హక్కు పుట్టిన రోజుకూ చార్జిషీట్ దాఖలైన రోజుకూ మధ్య పిటిషన్ పడకపోతే హక్కు ఉన్నా లేనట్టే. వరవరరావుకు 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది, అది ఆరోగ్య కారణాల మీద.

ఈ గడువు ఎక్కువా తక్కువా అన్నప్పుడు బ్రిటన్ ప్రస్తావన తరచూ వస్తుంది. అక్కడ ఉగ్రవాద అనుమానితుణ్ని అభియోగం మోపకుండా ఉంచగలిగేది గరిష్ఠంగా 14 రోజులే. కాకపోతే అక్కడ అభియోగం మోపాక కూడా సాక్ష్యం సేకరణ సాగుతుంది, ఇక్కడ చార్జిషీట్ అంటే చాలావరకు పూర్తయిన దర్యాప్తు. అందుకని 14కీ 180కీ నేరుగా పోలిక పెట్టడం సరికాదు. అంత తేడా ఉన్నాక మాత్రం సమర్థించుకోవాల్సిన బాధ్యత 180 రోజులు అడిగేవాళ్లదే.

బెయిల్ తలుపు

అన్నిటికంటే ఎక్కువ వాదనలు నడిచేది ఉపా 43డి(5) చుట్టూ. కేసు డైరీ, చార్జిషీట్ చూశాక ఆరోపణ ప్రాథమికంగా నిజమని నమ్మడానికి కారణాలు ఉన్నాయని కోర్టుకు అనిపిస్తే బెయిల్ ఇవ్వకూడదు. కోర్టు చూసేది ఒక పక్షం తయారుచేసిన కాగితాలనే. 2019 ఏప్రిల్‌లో వటాలి కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా బిగించింది. బెయిల్ దశలో సాక్ష్యాన్ని తూకం వేయొద్దని, అది చివరికి చెల్లుతుందా లేదా అన్నది కూడా చూడొద్దని చెప్పింది. ఆ తర్వాత కింది కోర్టుల్లో బెయిల్ పిటిషన్లు కొట్టేయడం సులువైపోయింది.

కొంత గాలి ఆడింది 2021 ఫిబ్రవరిలో. కేరళ కేసులో నజీబ్ అనే నిందితుడు ఐదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు, ఇంకా 276 మంది సాక్షులను విచారించాల్సి ఉంది. విచారణ ఇప్పట్లో ముగియదని తెలిసినప్పుడు 43డి(5) ఉన్నా సరే, రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే, వ్యక్తిగత స్వేచ్ఛ హక్కు కింద బెయిల్ ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. 2023లో వెర్నన్ గొన్సాల్వెజ్ కేసులో సాక్ష్యాన్ని పైపైనైనా పరిశీలించాల్సిందేనంది. 2024లో మాత్రం ఒకే ఏడాదిలో రెండు రకాల మాటలు వినిపించాయి. గుర్విందర్ సింగ్ కేసులో ఉపా కింద జైలే నియమమన్నారు. జలాలుద్దీన్ ఖాన్ కేసులో, ప్రత్యేక చట్టాల కింద కూడా బెయిలే నియమమన్నారు. రెండూ ఇద్దరేసి జడ్జీల బెంచ్‌లే. ఒకే తరహా ఆరోపణ మీద ఒకరికి బెయిల్ వచ్చి ఇంకొకరికి రాకపోవడం చూసి జనం గందరగోళపడుతున్నారంటే తప్పు వాళ్లది కాదు.

ఇంకో మార్పు అరెస్టు దగ్గరే వచ్చింది. ఎందుకు అరెస్టు చేస్తున్నారో ఆ కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలని 2024 మేలో ప్రబీర్ పుర్కాయస్థ కేసులో సుప్రీంకోర్టు ఉపా కేసులకూ వర్తింపజేసింది. ‘నోటితో చెప్పాం’ అంటే ఇక కుదరదు.

ఒక సంతకం, ఏళ్ల తరబడి జైలు

ఉపా 45వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు కేసును విచారణకు స్వీకరించకూడదు. అనుమతికి ముందు ఒక స్వతంత్ర అధికారి సాక్ష్యాలను చూసి సిఫారసు చేయాలి. సిఫారసుకు ఏడు పనిదినాలు, అనుమతికి మరో ఏడు పనిదినాలు అని 2008 నిబంధనలు గడువు పెట్టాయి. ఈ గడువులు తప్పనిసరని, దాటితే కుదరదని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబర్‌లో ఫూలేశ్వర్ గోప్ కేసులో చెప్పింది. అంతదాకా చాలామంది దీన్ని రబ్బరు స్టాంపు పనిగానే చూశారు.

అది ఎంత ఖరీదైన నిర్లక్ష్యమో జి.ఎన్. సాయిబాబా కేసు చూపించింది. అమలాపురం ప్రాంతం నుంచి వెళ్లి ఢిల్లీలో ఇంగ్లీషు బోధించిన ఈ ప్రొఫెసర్‌కు, మావోయిస్టులతో సంబంధాల ఆరోపణపై 2017 మార్చిలో గడ్చిరోలి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ఆయన విషయంలో అనుమతి వచ్చింది అభియోగాలు ఖరారైన తర్వాత. ఈ ఒక్క లోపం మీద 2022 అక్టోబర్ 14న బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ విడుదలకు ఆదేశించింది. మర్నాడే, శనివారం అయినా, సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును నిలిపేసింది. తర్వాత కేసును మళ్లీ వినమని వెనక్కి పంపింది.

2024 మార్చి 5న రెండోసారి కూడా హైకోర్టు నిర్దోషిగానే తేల్చింది. ఈసారి అనుమతి లోపంతో ఆగలేదు. ఢిల్లీ యూనివర్సిటీ క్వార్టర్స్‌లో సోదా జరిగితే, చుట్టూ అంతమంది చదువుకున్నవాళ్లుండగా, చదువురాని వ్యక్తిని పంచ్‌గా, అంటే సోదాకు సాక్షిగా, ఎందుకు తెచ్చారన్నది కోర్టుకు వచ్చిన సందేహాల్లో ఒకటి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని రుజువు చేసిన తీరునూ తప్పుపట్టింది. అదే ఏడాది అక్టోబర్ 12న సాయిబాబా హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయారు. నేరం చేశాడా లేదా అన్న ప్రశ్నకు రాజ్యం దగ్గర పదేళ్ల పాటు చట్టబద్ధమైన కాగితం లేదన్నది ఈ కేసు సారం. నిజంగా నేరం చేసినవాడి కేసులోనూ ఇదే లోపం దొర్లవచ్చు. అప్పుడు బయటికి వచ్చేది దోషి.

మూడు హైదరాబాద్ కేసులు

2007 మే 18న మక్కా మసీదులో పేలుడు. తొమ్మిది మంది పేలుడులో, మరో ఐదుగురు తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు. 40 మందికి పైగా చనిపోయారు. అదే రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఒకటి దొరికింది. 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు.

మక్కా మసీదు కేసు స్థానిక పోలీసుల నుంచి సీబీఐకి, 2011లో ఎన్‌ఐఏకి వెళ్లింది. ఒక్కో సంస్థ అనుమానం ఒక్కో వైపు తిరిగింది. మొదట పోలీసులు పట్టుకున్న యువకులు వేరు, చివరికి బోనెక్కిన వాళ్లు వేరు. నిందితుల్లో ఒకరైన స్వామి అసీమానంద ఢిల్లీలో మెజిస్ట్రేట్ ముందు ఇచ్చిన ఒప్పుకోలు కీలకమనుకున్నారు, ఆయన తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. 60 మందికి పైగా సాక్షులు ఎదురు తిరిగారు. 2018 ఏప్రిల్ 16న ఐదుగురు నిందితులూ నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు చేతులు మారిన ప్రతిసారీ పాత కథనంలోని పంచనామాలు, వాంగ్మూలాలు కొత్త కథనానికి అడ్డం వస్తాయి. డిఫెన్స్ లాయరుకు అంతకంటే మంచి ఆయుధం ఉండదు.

గోకుల్ చాట్, లుంబినీ కేసును ఎన్‌ఐఏ చూడలేదు. 2007లో ఆ సంస్థే లేదు. రాష్ట్ర పోలీసుల ఉగ్రవాద నిరోధక విభాగం ఆక్టోపస్, తర్వాత తెలంగాణ కౌంటర్ ఇంటెలిజెన్స్ విభాగం నడిపించాయి. పదకొండేళ్లు పట్టింది, కానీ 2018 సెప్టెంబర్‌లో ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవం పడ్డాయి. ఎన్‌ఐఏ ఉంటేనే శిక్ష పడుతుందన్న అభిప్రాయానికి ఈ రెండు కేసులూ జవాబు.

దిల్‌సుఖ్‌నగర్ కేసు వేగంగా నడిచింది. 2013 ఆగస్టులో నిందితుల్లో ఒకడైన ఇండియన్ ముజాహిదీన్ నాయకుడు యాసిన్ భత్కల్ నేపాల్ సరిహద్దులో దొరికాడు. ఎన్‌ఐఏ కోర్టు ముందుపెట్టిన గొలుసులో అన్నీ చిన్న చిన్న విషయాలే: అబ్దుల్లాపూర్‌మెట్‌లో అద్దెకు తీసుకున్న ఇల్లు, జుమ్మేరాత్ బజారులో కొన్న పాత సైకిళ్లు, మంగళూరు నుంచి వచ్చిన పేలుడు పదార్థం. ఇలాంటి ప్రతి లింకుకూ ఒక మామూలు మనిషి సాక్షిగా రావాలి. ఇల్లు అద్దెకిచ్చినాయన, సైకిల్ అమ్మినాయన కోర్టులో నిలబడి నిందితుణ్ని గుర్తుపట్టాలి. నేరంలో వాడినలాంటి పేలుడు పదార్థాలో ఆయుధాలో నిందితుడి దగ్గర దొరికితే, కాదని రుజువయ్యేదాకా నేరం అతనిదేనని కోర్టు భావించాలని ఉపా 43ఇ చెబుతుంది. అయినా ‘దొరికింది’ అన్న మాటను ముందు రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనే. చాట్‌లు, కాల్ రికార్డులు ఉన్నా వాటికి చట్టం చెప్పిన సర్టిఫికెట్ జతచేయాలి. అది తప్పనిసరని 2020లో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది.

చర్లపల్లి జైల్లోనే ఏర్పాటు చేసిన ప్రత్యేక కోర్టు 150 మందికి పైగా సాక్షులను విని, 2016 డిసెంబర్ 19న ఐదుగురికి మరణశిక్ష వేసింది. పేలుడు జరిగి నాలుగేళ్లు నిండకముందే తీర్పు వచ్చింది. ఒకే దర్యాప్తు కథనం మొదటి నుంచి చివరి దాకా మారకపోవడం, రోజువారీ విచారణ, దీనికే కేటాయించిన కోర్టు కలిసొచ్చాయి.

తీర్పు తర్వాత

మరణశిక్షను హైకోర్టు ఖరారు చేస్తేనే అమలు వైపు కదులుతుంది. ఎన్‌ఐఏ చట్టం 21వ సెక్షన్ ప్రకారం అప్పీలును ఇద్దరు జడ్జీల బెంచ్ వినాలి, వీలైనంతవరకు మూడు నెలల్లో తేల్చాలి. దిల్‌సుఖ్‌నగర్ కేసులో తెలంగాణ హైకోర్టు శిక్షను ఖరారు చేసింది 2025 ఏప్రిల్ 8న. అంటే ఎనిమిదేళ్లు దాటాక. కింది కోర్టులో ఆదా అయిన కాలమంతా పైకోర్టులో ఖర్చయిపోయింది. ఆ తర్వాత సుప్రీంకోర్టు, క్షమాభిక్ష దశలు ఎలాగూ ఉంటాయి. ప్రత్యేక చట్టాలు తెచ్చినప్పుడల్లా అరెస్టు, రిమాండ్ అధికారాలు పెరిగాయి గానీ, అప్పీళ్లు వినే బెంచ్‌ల గురించి ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకో ప్రశ్న పరారీలో ఉన్నవాళ్ల గురించి. ఈ కేసులో ప్రధాన నిందితుడిగా ఎన్‌ఐఏ పేర్కొన్న రియాజ్ భత్కల్ దొరకలేదు, విచారణ అతను లేకుండా మిగతావాళ్ల మీదే సాగింది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 356వ సెక్షన్ ఇప్పుడు దారి మార్చింది. పదేళ్లు, అంతకు మించిన శిక్ష పడే నేరంలో ప్రకటిత నేరస్థుడు తప్పించుకు తిరుగుతుంటే, అభియోగాలు ఖరారు చేశాక 90 రోజులు ఆగి, అతను లేకుండానే విచారణ జరిపి తీర్పు చెప్పవచ్చు. దానికి ముందు 30 రోజుల తేడాతో రెండు వారెంట్లు, పత్రికా ప్రకటన, ప్రభుత్వ ఖర్చుతో లాయరు ఉండాలి. తీర్పు వచ్చిన మూడేళ్లలోగా స్వయంగా హాజరైతేనే అప్పీలు. పాత పద్ధతిలో పరారీ నిందితుడు దొరికితే విచారణ మళ్లీ మొదలు కావాల్సిందే. సాక్షి చనిపోతేనో, పిలిపించే వీలు లేకపోతేనో తప్ప పాత వాంగ్మూలం వాడుకోవడానికి లేదు. అద్దె ఇంటి యజమాని, సైకిల్ అమ్మిన వ్యక్తి అన్నేళ్ల తర్వాత మళ్లీ బోనెక్కి, పాత ముఖాన్ని గుర్తుపట్టాల్సి వస్తుంది.